పెద్ద డీజిల్ ఎస్‌యూవీలో వెనక సీటు ఏసీ: ఉన్నదేమిటో కనిపెట్టడం, సరిగ్గా వాడుకోవడం, చల్లబడకపోతే వెతకడం

వెనక సీట్ల ముందు ఓ చిన్న స్క్రీనో, తిప్పుకునే బటన్లో కనిపించగానే వెనక వేరే ఏసీ ఉందనుకుంటారు చాలామంది. ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు. బటన్లను బట్టి ఏమీ తెలియదు. చల్లగాలి ఎక్కడ పుడుతోందో చూడాలి. ముందు డ్యాష్‌బోర్డు లోపలే పుట్టి గొట్టాల్లోంచి వెనక్కి వస్తోందా, లేక వెనక భాగానికంటూ వేరే కూలింగ్ కాయిల్, వేరే బ్లోయర్ ఉన్నాయా? ఇది తేలితే సెట్టింగ్ ఎలా పెట్టాలో, చల్లబడకపోతే ఎక్కడ చెయ్యి పెట్టాలో, కొనేటప్పుడు ఏ ఆప్షన్ అడగాలో సగం తేలిపోయినట్టే.

మీ బండిలో ఉన్నది ఏ రకం

అన్నిటికన్నా మామూలు ఏర్పాటులో మధ్య కన్సోల్ చివర రెండు వెంట్లు, వాటిని తెరిచి మూసే చక్రాలు మాత్రమే ఉంటాయి. గాలి ముందు యూనిట్‌దే, ఉష్ణోగ్రతా ముందువాళ్లు పెట్టిందే. కొన్నిటిలో గాలి జోరు పెంచడానికి కన్సోల్‌లో చిన్న ఫ్యాను ఉంటుంది. అది గాలిని తోస్తుందే తప్ప చల్లబరచదు.

విడిగా ఉష్ణోగ్రత పెట్టుకోగల ఒక్కో భాగాన్ని జోన్ అంటారు. మూడు జోన్ల రకంలో వెనకవాళ్లు తమ ఉష్ణోగ్రత అంకెను వేరుగా పెట్టుకోవచ్చు. కానీ చల్లబరిచే కాయిల్ ముందున్న ఆ ఒక్కటే. దాన్ని దాటిన గాలిలో ఎంత భాగం హీటర్ కోర్ (ఇంజిన్ వేడి నీటితో గాలిని వెచ్చబరిచే చిన్న రేడియేటర్) మీదుగా పోవాలో తేల్చే ఫ్లాప్ ఒకటి వెనక సీటు కోసం అదనంగా ఉంటుంది, అంతే. అందుకే ఈ రకంలో వెనక వెంట్ గాలి ముందున్న ఆ కాయిల్ ఇవ్వగలిగిన చలిని మించి చల్లగా ఉండడం జరగదు. వెనక కుడివైపు ఒక అంకె, ఎడమవైపు ఇంకో అంకె పెట్టుకోవడమూ కుదరదు.

నాలుగు జోన్లు అన్నచోట జాగ్రత్తగా చూడాలి. కొన్ని కంపెనీలు ముందు యూనిట్‌లోనే ఫ్లాపులు పెంచి నాలుగు జోన్లు చేస్తాయి. కొన్ని డిక్కీ పక్క ప్యానెల్లోనో కన్సోల్‌లోనో పూర్తిగా వేరే యూనిట్ పెడతాయి. దానికి సొంత కాయిల్, కాయిల్‌లోకి ఏసీ గ్యాస్‌ను కొలిచి వదిలే సొంత ఎక్స్‌పాన్షన్ వాల్వు, సొంత బ్లోయర్ ఉంటాయి, చాలావాటిలో సొంత హీటర్ కోర్ కూడా. బ్రోచర్‌లో రెండిటికీ ఒకే మాట రాస్తారు. మూడు వరుసల బండ్లలో ఐదో జోన్ అంటే చివరి వరుసకు విడి కంట్రోల్ అని అర్థం. బీఎండబ్ల్యూ ఎక్స్7లో ఐదు జోన్ల ఏర్పాటు కూడా దొరుకుతుంది.

కనిపెట్టడానికి బండి కిందికి వంగి చూడడం మంచి పద్ధతి. ఇంజిన్ వైపు నుంచి వెనక్కి రెండు అల్యూమినియం పైపులు, ఒకటి సన్నం ఒకటి లావు, పక్కపక్కనే పోతుంటే వెనక కాయిల్ ఉన్నట్టే. సన్నదానిలో ద్రవం వెళ్తుంది, లావుదానిలో వాయువు తిరిగొస్తుంది. వాటి పక్కనే రెండు రబ్బరు గొట్టాలు కూడా ఉంటే వెనక హీటర్ కోర్ కూడా ఉంది. బానెట్ కింద అతికించిన స్టిక్కర్ మీద ఏసీ గ్యాస్ తూకం చూడండి. ఒకే కాయిల్ ఉన్న బండిలో అది సాధారణంగా 500 నుంచి 700 గ్రాముల మధ్య ఉంటుంది, రెండు కాయిల్స్ ఉంటే కిలో దరిదాపుల్లోకి పోతుంది. పాత బండి కొంటుంటే ఛాసిస్ నంబరు ఇచ్చి షోరూమ్‌లో ఆప్షన్ల జాబితా తీయించుకోవడం ఇంకా నయం.

ఎండలో నిలబెట్టిన బండిని వెనకదాకా చల్లబరచడం

ఎండలో కాగిన బండిలో లోపలి గాలి బయటి గాలి కన్నా బాగా వేడిగా ఉంటుంది. ఆ గాలినే తిప్పి తిప్పి చల్లబరచమని ఏసీకి చెప్పడం దండగ.

1. నాలుగు అద్దాలూ దించండి. సన్‌రూఫ్ వెనక అంచు కాస్త లేపండి. బ్లోయర్ ఆన్ చేసి ఒకటి రెండు నిమిషాలు నడపండి, వేడి గాలి బయటికి పోతుంది.

2. అద్దాలు మూసి ముందు యూనిట్‌ను ఆటోలో 21 లేదా 22 డిగ్రీలకు పెట్టండి. వేడెక్కిన బండిలో ఆటో తనంతట తానే పూర్తి చలికి, పెద్ద వేగానికి వెళ్తుంది. 'లో' (LO, అన్నిటికన్నా తక్కువ సెట్టింగ్) పెడితే అంతకన్నా త్వరగా చల్లబడదు, పైగా చల్లబడ్డాక తగ్గించే తెలివి పోతుంది.

3. మొదటి పది నిమిషాలు సింక్ బటన్ నొక్కి అన్ని జోన్లూ ఒకే అంకె మీద ఉంచండి. తర్వాత వెనకవాళ్లు తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు.

4. డ్యాష్‌బోర్డు మధ్య వెంట్లను రూఫ్ వైపు ఎత్తండి. చల్లగాలి ముందు సీట్ల మీదుగా వెనక వరుసకు చేరుతుంది. వేరే యూనిట్ లేని బండిలో వెనకవాళ్లకు ఇంతకన్నా మేలు చేసే సర్దుబాటు లేదు. డ్రైవరు పక్క సీటు ఖాళీగా ఉంటే ఆ వైపు వెంట్లు మూసేయండి, ఆ గాలిలో కొంత వెనక్కి మళ్లుతుంది.

5. లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ మొదట్లో మంచిదే. పదిహేను నిమిషాల తర్వాత దాన్ని ఆటోకి వదిలేయండి. ఏడుగురు కూర్చున్న బండిలో గంటసేపు అదే పెడితే గాలి బరువెక్కుతుంది, డ్రైవరుకు నిద్ర మత్తు వస్తుంది.

వెనక వేరే యూనిట్ ఉన్నా అది చాలా బండ్లలో బయటి గాలిని లాగదు, లోపలున్న గాలినే తీసుకుని చల్లబరుస్తుంది. తాజా గాలి రావలసింది ముందు నుంచే. వెనక ఒక్కటే పనిచేస్తే చాలని ముందుది ఆపేయడం అందుకే పనికిరాదు. చాలావాటిలో ముందుది ఆపగానే వెనకదీ ఆగిపోతుంది.

జోన్ల మధ్య తేడా మూడు నాలుగు డిగ్రీలు మించితే ప్రయోజనం ఉండదు. లోపల గోడలు లేవు కదా! డ్రైవరు 18, వెనకాయన 26 పెడితే రెండు గాలులూ కలిసి ఎవరికీ నచ్చని ఉష్ణోగ్రత వస్తుంది, బ్లోయర్లు మాత్రం ఊరికే అరుస్తాయి. వెనక గాలి మరీ చల్లగా తగులుతోందంటే అంకె పెంచేకన్నా వెంట్‌ను ముఖం మీంచి పక్కకు తిప్పడం మేలు. తలుపుల మధ్య పిల్లర్‌లో వెంట్లు ఉన్న బండ్లలో గాలిని అద్దం వెంట పోయేలా తిప్పితే ఎండ వేడి లోపలికి రాకముందే తగ్గుతుంది. వోల్వో ఎక్స్‌సీ90 ఇలాంటిదే. వెనక్కి చూస్తూ కూర్చునే పసిపిల్లల సీటుకు కన్సోల్ వెంట్ గాలి దాదాపు తగలదు, సీటు వీపే అడ్డం. పిల్లర్ వెంట్ ఉంటే దాన్ని వాడండి, లేకపోతే రూఫ్ మీదుగా గాలి పంపండి.

ఇంకొక చిక్కు. ఎండను కొలిచే సెన్సర్ డ్యాష్‌బోర్డు మీద, ముందు అద్దం కింద ఉంటుంది. ఎండ వెనక అద్దంలోంచి పడుతున్నప్పుడు దానికి తెలిసేది తక్కువ. అలాంటి వేళ వెనక జోన్‌ను చేత్తోనే ఒకటి రెండు డిగ్రీలు తగ్గించండి, వెనక తెరలు లేపండి, గాజు రూఫ్ తెర మూయండి. గాజు రూఫ్ తెర తెరిచిపెట్టి ఏసీ చాలడం లేదనే ఫిర్యాదు సర్వీస్ సెంటర్లకు కొత్త కాదు.

గాలి వచ్చే సీట్ల గురించి ఒక మాట. వాటిలో చల్లబరిచే కాయిల్ ఉండదు, లోపలి ఫ్యాన్లు క్యాబిన్ గాలినే తోస్తాయి లేదా పీలుస్తాయి. అందుకే క్యాబిన్ కాస్త చల్లబడ్డాకే వాటి సుఖం తెలుస్తుంది. మీద బిగుతుగా సీటు కవరు వేస్తే చిల్లులు మూసుకుపోతాయి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగు ఉంటే కవరు దానికీ అడ్డమే.

చలికాలం: డీజిల్ ఇంజిన్ తిప్పలు

పెట్రోలు ఇంజిన్‌తో పోలిస్తే డీజిల్ ఇంజిన్ ఇంధనాన్ని ఎక్కువగా పనిగా మారుస్తుంది, కూలెంట్‌లోకి, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవంలోకి, వదిలే వేడి తక్కువ. మైలేజీకి అది మంచిదే, హీటర్‌కు మాత్రం కష్టం. బండి కదలకుండా ఇంజిన్ మాత్రం నడిచే ఐడ్లింగ్‌లో అయితే కూలెంట్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. వెనక హీటర్ కోర్‌కు వేడి నీరు మీటర్ల పొడవు గొట్టాల్లోంచి రావాలి కాబట్టి వెనక వరుస ఇంకా ఆలస్యం.

ఈ లోటు తీర్చడానికి రెండు ఏర్పాట్లున్నాయి. మొదటిది పీటీసీ అనే కరెంటు హీటర్. 12 వోల్టుల బండ్లలో ఇది సుమారు 1 నుంచి 1.8 కిలోవాట్లది, సాధారణంగా ముందు యూనిట్‌లో ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడే పనిచేస్తుంది, కూలెంట్ వేడెక్కాక తనే ఆగిపోతుంది. గొట్టాల ద్వారా గాలి అందే వెనక సీట్లకు దీని వేడి కొంత అందుతుంది. వెనక వేరే యూనిట్ ఉన్నచోట అందదు.

రెండోది ట్యాంకులోని డీజిల్‌నే కాల్చి కూలెంట్‌ను వేడిచేసే హీటర్. వెబాస్టో, ఎబర్‌స్పేకర్ తయారుచేసేవి ఇవే. కార్లలో పెట్టేవి ఎక్కువగా 5 కిలోవాట్ల దగ్గర ఉంటాయి. లీటరు డీజిల్‌లో దాదాపు 10 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది కాబట్టి, పూర్తి వేగంతో గంట నడిస్తే అర లీటరు పైచిలుకు కాలుతుంది. కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఇది ఇంజిన్ నడుస్తున్నప్పుడు మాత్రమే సాయం చేసేదా, లేక ఇంజిన్ ఆపి ఉన్నప్పుడూ టైమర్‌తో నడిచే పార్కింగ్ హీటరా? బర్నర్ ఒకటే అయినా వాడకంలో పోలికే లేదు.

పార్కింగ్ హీటర్ ఉంటే బయల్దేరడానికి 20, 30 నిమిషాల ముందు మొదలయ్యేలా టైమర్ పెట్టండి. ఎంతసేపు నడిపారో కనీసం అంతసేపు బండి నడిపితేనే దాని ఫ్యాను, పంపు తాగిన బ్యాటరీ తిరిగి నిండుతుంది. రోజూ పది నిమిషాల ప్రయాణానికి అరగంట హీటర్ వాడితే వారం తిరగకుండా బ్యాటరీ హెచ్చరిక వస్తుంది, హీటర్ మొండికేస్తుంది. ట్యాంకు రిజర్వులో ఉన్నా అది స్టార్ట్ కాదు, చెడిపోయిందనుకుని కంగారు పడొద్దు. మూసిన షెడ్డులో దీన్ని ఎట్టి పరిస్థితిలోనూ నడపకూడదు. దానికీ పొగగొట్టం ఉంది, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. డీజిల్ కొట్టించేటప్పుడు ఆపాలి. వేసవిలో కూడా నెలకోసారి పది నిమిషాలు నడిపితే పంపు బిగుసుకుపోదు.

చలిలో వెనక సీట్లకు వేడి గాలి ప్రధానంగా కాళ్ల దగ్గర వస్తుంది, ముందు సీట్ల కింది గొట్టాల్లోంచి. మందపాటి ఫుట్‌మ్యాట్, సీటు కింద తోసిన సంచి, జారిపడ్డ నీళ్ల సీసా వాటిని సులువుగా మూసేస్తాయి. సీట్ హీటర్లు మాత్రం ఇంజిన్ వేడితో పనిలేకుండా రెండు మూడు నిమిషాల్లో వెచ్చబడతాయి. అవి ఐడ్లింగ్‌లో వాటంతటవే ఆగిపోతే అది చెడిపోవడం కాకపోవచ్చు, బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంటే బండి ముందుగా కోసేది ఇలాంటి సౌకర్యాలనే.

వెనక అద్దాలు మంచుపట్టినట్టు మసకబారితే హీటర్ ఒక్కటే పెంచి లాభం లేదు. రీసర్క్యులేషన్ ఆపి, ఏసీ ఆన్‌లో ఉంచి, వేడి పెంచండి. కాయిల్ గాలిలో తేమను పిండేస్తుంది, హీటర్ ఆ పొడిగాలిని వెచ్చబరుస్తుంది.

బండి ఆపి, ఇంజిన్ నడుపుతూ ఏసీ వేసుకోవడం

వెనక సీటు యజమాని మీటింగులో ఉంటే బయట డ్రైవరు గంటసేపు ఇంజిన్ నడుపుతూ కూర్చోవడం మామూలే. డీజిల్ బండికి ఇది మంచిది కాదు. ఐడ్లింగ్‌లో పొగ వేడి తక్కువ, సైలెన్సర్ లైనులోని డీపీఎఫ్ ఫిల్టర్‌లో మసి పేరుకుంటుంది. ఆ మసిని కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. ఆ పని మధ్యలో ఆగిపోతూ ఉంటే ఆ డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగినట్టు కనిపిస్తే సంతోషించే విషయం కాదు. పైగా బెల్టుతో తిరిగే కంప్రెసర్ ఐడ్లింగ్‌లో నెమ్మదిగా తిరుగుతుంది. రెండు కాయిల్స్‌నూ అప్పుడు సరిగా చల్లబరచలేక ముందు వెనక రెండూ ఓ మోస్తరుగానే ఉంటాయి. నీడలో ఇంజిన్ ఆపి, మనిషి రావడానికి ఐదు నిమిషాల ముందు స్టార్ట్ చేయడం బండికీ జేబుకీ మేలు. ట్రాఫిక్‌లో ఇంజిన్ తరచూ ఆగి గాలి వెచ్చబడుతుంటే, బండి ఆగినప్పుడల్లా ఇంజిన్‌ను తనే ఆపే స్టార్ట్ స్టాప్ ఏర్పాటును ఆఫ్ చేయండి. మెర్సిడెస్ జీఎల్ఈ 350 డీఈ లాంటి ప్లగ్-ఇన్ డీజిళ్లు (ప్లగ్గు పెట్టి ఛార్జి చేసే పెద్ద బ్యాటరీ కూడా ఉన్నవి) వేరు, వాటిలో ఏసీ పెద్ద బ్యాటరీతో ఇంజిన్ లేకుండానే నడుస్తుంది.

వెనక చల్లబడడం లేదంటే

చెయ్యి పెట్టి చూసి తీర్పు చెప్పకండి. పుల్ల థర్మామీటర్ ఒకటి చాలు. తలుపులు, అద్దాలు మూసి, అన్ని జోన్లూ 'లో'లో, రీసర్క్యులేషన్ ఆన్‌లో, బ్లోయర్ మధ్య వేగంలో, ఇంజిన్ 1500 ఆర్‌పీఎంలో పది నిమిషాలు నడపండి. బయట 30 డిగ్రీల దగ్గర ఉంటే ముందు మధ్య వెంట్‌లో సుమారు 5 నుంచి 10 డిగ్రీలు కనిపించాలి. గొట్టాల ద్వారా వచ్చే వెనక వెంట్‌లో ఇంకో 2 నుంచి 4 డిగ్రీలు ఎక్కువ ఉండడం సహజం. వేరే యూనిట్ ఉంటే వెనక కూడా ముందుదానికి దగ్గరగా ఉండాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు అన్ని అంకెలూ కొంచెం పైకి పోతాయి.

స్క్రూడ్రైవర్ పట్టేలోగా డ్యాష్‌బోర్డు స్క్రీన్‌లో వెనక కంట్రోల్ లాక్ అయి ఉందేమో చూడండి. పిల్లల కోసం పెట్టిన లాక్ మర్చిపోయి వర్క్‌షాప్‌కు తీసుకొచ్చే బండ్లు ఉంటాయి.

ముందు బాగా చల్లగా ఉండి వెనక గాలే సరిగా రాకపోతే, అది గొట్టాల రకమైతే, కన్సోల్ లోపల గొట్టం జాయింటు ఊడి ఉండవచ్చు. కన్సోల్ విప్పి ఏదైనా పని చేసిన తర్వాత ఈ తంటా మొదలైతే అనుమానం ముందుగా అటే పోవాలి. గాలి కన్సోల్ లోపలే వృథా అవుతుంటే గేర్ లివర్ చుట్టూ పక్కలు చల్లగా తగులుతాయి. వేరే యూనిట్ ఉంటే అది గాలి పీల్చే జాలీని చూడండి. అది డిక్కీ పక్కనో మూడో వరుస పక్కనో ఉంటుంది, సామాను ఆనించి పేర్చితే మూసుకుపోతుంది. కుక్కని ఎక్కించే బండిలో వెంట్రుకలతో నిండిపోతుంది. ముందు యూనిట్ ఫిల్టర్‌ను ఏడాదికో 15,000 కిలోమీటర్లకో మార్చినా, వెనక యూనిట్‌కు చాలావాటిలో ఫిల్టరే ఉండదు, ఆ జాలీని వాక్యూమ్‌తో శుభ్రం చేసుకోవాలి. వెనక బంపర్ లోపలివైపు క్యాబిన్ గాలి బయటికి పోయే రబ్బరు రెక్కలుంటాయి. డిక్కీ కిక్కిరిసి వాటికి దారి మూసుకుపోతే లోపలికి వచ్చే గాలి కూడా తగ్గిపోతుంది.

ఒక వైపు చల్లగా, ఇంకో వైపు వెచ్చగా వస్తే కారణాలు ముఖ్యంగా రెండు: ఫ్లాప్ మోటార్ పాడవడం, గ్యాస్ తగ్గడం. బండి కంప్యూటర్‌కు తగిలించే స్కానర్‌లో ఫ్లాప్‌కు ఇచ్చిన ఆదేశం, అది నిజంగా ఉన్న స్థానం పక్కపక్కన చూడండి. రెండూ కలవకపోతే మోటారే. స్టార్ట్ చేయగానే ప్యానెల్లోంచి టిక్ టిక్ మని కొన్ని సెకన్లు వినిపిస్తే లోపలి ప్లాస్టిక్ పళ్లు అరిగాయి. రెండూ కలిస్తే గ్యాస్ వైపు చూడండి. గ్యాస్ తక్కువైతే కాయిల్ ఒక భాగమే చల్లబడుతుంది, దాని మీదుగా వచ్చే గాలి అటొకలా ఇటొకలా ఉంటుంది. బ్యాటరీ తీసి పెట్టిన తర్వాత తేడా వస్తే ఫ్లాపులకు తిరిగి కాలిబ్రేషన్ చేయిస్తే, అంటే వాటి స్థానాలు కొత్తగా సరిచేయిస్తే, సరిపోవచ్చు.

మొదట బాగా చల్లగా ఉండి, అరగంట తర్వాత గాలి జోరే తగ్గిపోతుంటే కాయిల్ మీద మంచు కడుతోంది. ఏసీ ఆపి పది నిమిషాలు ఫ్యాను మాత్రమే నడపండి. గాలి మళ్లీ జోరందుకుంటే అనుమానం నిజమే: మూసుకుపోయిన ఫిల్టర్, లేదా కాయిల్ ఉష్ణోగ్రత చూసే సెన్సర్.

వెనక బ్లోయర్ పూర్తి వేగంలోనే తిరుగుతూ మిగతా వేగాలు రాకపోతే వేగం మార్చే రెగ్యులేటర్ పోయింది. అసలు తిరగకపోతే ముందు ఫ్యూజు చూడండి, తర్వాత మోటారు. కూలెంట్ మార్చిన తర్వాత వెనక వేడి రావడం మానేస్తే వెనక హీటర్ కోర్‌లో గాలి చిక్కుకుంది. పొడవాటి ఆ గొట్టాల్లో కూలెంట్‌ను ఊరికే పోస్తే నిండదు, వాక్యూమ్ పెట్టి నింపే యంత్రం వాడాలి. కూలెంట్ మట్టం నెమ్మదిగా తగ్గుతూ లోపల తియ్యటి వాసన వస్తుంటే హీటర్ కోర్ కారుతోంది. బండి కింద తడి కనిపిస్తే వెనక్కి పోయే గొట్టాల ప్లాస్టిక్ జాయింట్లు చూడండి. వెనక కార్పెట్ తడుస్తుంటే, ఆ నీళ్లకు రంగూ వాసనా లేకపోతే, వెనక కాయిల్ నీళ్లు కిందికి పోయే డ్రెయిన్ గొట్టం మట్టితో మూసుకుపోయింది.

ముందు వెనక రెండూ నెలల తరబడి మెల్లమెల్లగా నీరసిస్తే అది లీకు. వెనక యూనిట్ ఉన్న బండిలో ముందుగా చూడవలసింది కింద పోయే ఆ అల్యూమినియం పైపులనే, ముఖ్యంగా క్లిప్పులు పట్టుకున్న చోట్లు. అక్కడ బురద నిలిచి, తడి ఆరక, పైపు తినేసి చిల్లు పడుతుంది. నూనె జిడ్డుతో దుమ్ము అంటుకుని కనిపిస్తే అదే చోటు.

గ్యాస్ నింపించేటప్పుడు మెకానిక్‌కు వెనక కాయిల్ ఉందని ముందే చెప్పండి. ఒకే కాయిల్ లెక్కన నింపితే గ్యాస్ బాగా తక్కువ పడవచ్చు. ప్రెషర్ చూసి ఆపడం కాదు, స్టిక్కర్ మీది గ్రాములు తూచి పెట్టాలి. పైపులు పొడవు కాబట్టి లోపలి గాలినీ తేమనూ లాగేసే వాక్యూమ్ 45 నిమిషాల దాకా పెట్టి, ఆపి, ముల్లు కదలకుండా నిలుస్తుందో చూశాకే నింపాలి. ఏసీ గ్యాస్ రెండు రకాలు: ఆర్134ఏ, ఆర్1234వైఎఫ్. ఒకదాని బండిలో ఇంకోటి కలపకూడదు. నాజిళ్లు వేరువేరుగా చేసిందే అందుకు. లీకు ఆపే ద్రవం పోస్తామంటే వద్దనండి, అది ఎక్స్‌పాన్షన్ వాల్వులను, సర్వీస్ యంత్రాన్ని కూడా పాడుచేయగలదు. వెనక కాయిల్ పోయిందని ఆ లైను మూసేసి ముందుదే వాడుకుంటే స్టిక్కర్ తూకం ఇక చెల్లదు, ఒకే కాయిల్ ఉన్న అదే మోడల్ తూకం పెట్టాలి.

కొనేటప్పుడు, తర్వాత చేర్చాలంటే

వెనక ఎప్పుడో ఒకసారి పిల్లలు కూర్చునే బండికి మూడు జోన్లు చాలు. రోజూ వెనకే కూర్చునే వ్యక్తికి, మూడో వరుస నిండే కుటుంబానికి వేరే కాయిల్ ఉన్నదే అడగండి. చలి ప్రాంతమైతే ఐదో జోన్ కన్నా పార్కింగ్ హీటర్, వెనక సీట్ హీటర్లు ఎక్కువ పనికొస్తాయి. ఫ్యాక్టరీలో లేని వెనక యూనిట్‌ను తర్వాత చేర్చడం మాత్రం వదులుకోండి. కాయిల్, పైపులు, వైరింగ్, కంట్రోల్ ప్యానెల్, కోడింగ్ అన్నీ మార్చాలి, కంప్రెసర్, వేడిని బయటికి వదిలే కండెన్సర్ కూడా ఆ అదనపు పనికి సరిపోవాలి. తర్వాత చేర్చుకోదగ్గవి వెనక కిటికీ తెరలు, నిబంధనలకు లోబడిన వేడి ఆపే ఫిల్ము, హెడ్‌రెస్ట్‌కు బిగించే యూఎస్‌బీ ఫ్యాను. ఆ ఫ్యాను వైరును పిల్లర్ ప్లాస్టిక్ లోపల దూర్చకండి, కర్టెన్ ఎయిర్‌బ్యాగు తెరుచుకునేది ఆ దారిలోనే.